ఆఖరి స్టాపు దగ్గర ఇల్లు

కండక్టరమ్మ ఉద్యోగమంతా ఇతరుల ఆస్తుల పేర్లు అరవడంతోనే గడిచిపోయింది. "సబ్బుల ఫ్యాక్టరీ గేటు! డాక్టరు గారి మేడ! దిగేవాళ్ళు ముందుకు రండి! షావుకారు తోట!" ఆ ఫ్యాక్టరీ మూతపడి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. డాక్టరు గారు పోయారు, మేడ కూలగొట్టి బట్టల కొట్టు కట్టారు. తోటలో మచ్చుకైనా చెట్టు లేదు. అయినా బస్సు ఆగినప్పుడల్లా వాళ్ళ పేర్లు మోగాల్సిందే. ఆస్తంటే అలా ఉండాలి అని ఆమె చిల్లర లెక్కపెట్టుకుంటూ చాలాసార్లు అనుకునేది. అనుకుని మళ్ళీ విజిల్ వేసేది.

ఆమెకి మాత్రం పెళ్ళయిన నాటి నుంచీ అద్దె కొంపే. భర్త పిండిమిల్లులో మిషను నడుపుతాడు, అందరూ మిల్లాయన అంటారు. ఆ మిల్లు మీదున్న రెండు గదుల్లోనే కాపురం. పొద్దున్నే కింద మిషను మొదలైతే పైన గట్టు మీది గిన్నెలు వాటంతటవే జరుగుతూ వెళ్ళి గోడకి చేరగిలబడేవి. ఆమె రోజంతా ఇంజను పక్కన, ఆయన రోజంతా మిషను పక్కన. అందుకని ఆ మొగుడూ పెళ్ళాలు గుసగుసలాడుకుంటే వీధి మలుపు దాకా వినబడేది. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు, పాపం కొట్టుకుంటున్నారేమో అని తలుపు తట్టిన సందర్భాలున్నాయి. అప్పుడు వాళ్ళు సరసాలాడుకుంటూ ఉండేవారు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

రిటైరయ్యేనాటికి ఆమె చేతికి కొంత సొమ్ము వచ్చింది. జీవితంలో మళ్ళీ అంత సొమ్ము చూడబోమని ఇద్దరికీ తెలుసు. పిల్లలు లేరు. మిల్లాయన భుజం ఇక బస్తాలు ఎత్తలేనని మొరాయిస్తోంది. ఆ డబ్బుతో ఒక ఇల్లు కొని అద్దెకిచ్చుకుంటే, ఆ వచ్చేదానితో తమ అద్దె కట్టుకుని, ఎవరి గుమ్మం ముందూ చెయ్యి చాచకుండా బతికేయొచ్చు. ఆ ఒక్క కొనుగోలు తప్పయితే మాత్రం వెనక నిలబడేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె ఆలోచన అంతే, భయం కూడా అంతే.

సలహాలకి ఆమె అన్నయ్య ఉన్నాడు. ఇళ్ళూ స్థలాల విషయంలో తనకి తెలియనిది లేదని ఆయన గట్టి నమ్మకం. ఊరి బయటెక్కడో మూడు ప్లాట్లు కొన్నాడు, వాటిలో ఇంతవరకూ మొలిచింది గడ్డి ఒక్కటే. అయినా మీసం మీద చెయ్యి వేసి పాఠం చెప్పడం మానలేదు. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. సొంతానికి ఎందుకూ కొరగాని ఆయన తెలివి ఇతరులకి బాగానే పనిచేసేది.

"చూడు చెల్లెమ్మా, ఒక్కసారి చూసి ముచ్చటపడిపోకు. పొద్దున చూడు, సాయంత్రం చూడు, వాన పడుతున్నప్పుడు చూడు. ఎండలో ప్రతి ఇల్లూ పెళ్ళికూతురే."

"పెళ్ళికూతుర్ని కూడా వానలో నిలబెట్టి చూస్తారా అన్నయ్యా?"

"వేళాకోళం ఆపు. పక్కవాళ్ళని అడుగు. పాత దస్తావేజులన్నీ వకీలు చూసి సరేననే దాకా పైసా బయటికి తీయకు. ఇంకో మాట. ఉన్నదంతా ఊడ్చి ఇంట్లో పెట్టేయకు. పైపు పగులుతుంది, అద్దెకి దిగినవాడు ఖాళీ చేస్తాడు. అప్పుడు నా దగ్గరికి వస్తే నా దగ్గర గడ్డి తప్ప ఏమీ లేదు."

ఆమె ఆ మాటలన్నీ బుద్ధిగా చెవికెక్కించుకుంది. కాళ్ళరిగేలా తిరిగింది. మొదట ఒక బ్రోకరు వాళ్ళిద్దరినీ కొత్త అపార్టుమెంటు ఆరో అంతస్తుకి తీసుకెళ్ళాడు. బాల్కనీలో నిలబడి మిల్లాయన మెత్తబడిపోయాడు. "ఏమేవ్, ఇక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలే, ఇంకేం అక్కర్లేదు" అన్నాడు.

"మనం కూర్చోవడానికి కాదండీ కొనేది. మన ముచ్చటతో పనేముంది, అద్దెకి వచ్చేవాడి ముచ్చట చూడాలి" అంది ఆమె. బ్రోకరు వైపు తిరిగి, "నాయనా, ఈ రోడ్డు మీదికి చివరి బస్సు సాయంత్రమే వెళ్ళిపోతుంది. లిఫ్టుకీ వాచ్‌మన్‌కీ నెలనెలా వీళ్ళు అడిగేది పోతే అద్దెలో నాకు మిగిలేదేమిటి?" అంది. బ్రోకరు లిఫ్టు వైపు దారి తీశాడు.

ఇంకో ఇల్లు చవగ్గా వస్తోందంటే, పనిగట్టుకుని వాన పడే రోజు వెళ్ళింది. వరండాలో ఇంటివాళ్ళ చెప్పులు ఈదుకుంటూ ఎదురొచ్చాయి. మరొకటి అన్ని విధాలా బాగుంది. కానీ అమ్మే అన్నదమ్ముల్లో ఒకడు అలిగి ఎటో వెళ్ళిపోయాడు, వాడి సంతకం లేదు. వకీలు తల అడ్డంగా ఊపాడు. బేరం అక్కడితో ఆగిపోయింది.

అప్పుడు దొరికింది ఆఖరి స్టాపు దగ్గరి ఇల్లు. పాతదే గానీ గట్టిది. కింద రెండు గదులు, పైన రెండు, బయటినుంచే మెట్లు, వెనక విశాలమైన పెరడు. ఎదురుగా బస్సులు వెనక్కి తిరిగే ఖాళీ స్థలం. ఆసుపత్రి అటే, కొత్తగా వచ్చిన ఆఫీసులు అటే. ఆ స్టాపులో ఏ వేళకి ఎంతమంది దిగుతారో ఆమెకి కంఠతా వచ్చు. గుమ్మం ముందు బస్సు ఉన్న ఇంటికి అద్దెకి వచ్చేవాళ్ళు కరువా? ఆమె లెక్క ఆమెకుంది, అందులో వంక పెట్టడానికేమీ లేదు.

అన్నయ్య చెప్పినట్టే పొద్దున చూసింది, సాయంత్రం చూసింది, వానలో గొడుగేసుకుని వెళ్ళి చూసింది. గోడలు తట్టింది, కుళాయిలన్నీ తిప్పింది, మెట్లు ఎక్కి దిగింది. పక్కవాళ్ళని అడగమన్నాడు కదా అని పక్కనున్న ఇనప సామాను కొట్టాయన్ని అడిగింది. "బంగారం లాంటి ఇల్లమ్మా, ఏ బాధా ఉండదు" అన్నాడాయన. ఆయన అబద్ధం చెప్పాడంటే పాపం. పొద్దస్తమానం ఎదురుగా రేకులు కోయించుకునే మనిషి ఆయన.

మిల్లాయన్ని కూడా తీసుకొచ్చింది. ఆయన ముందు గది మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. సరిగ్గా అప్పుడే బయట ఒక బస్సు హారన్ కొడుతూ వెనక్కి వచ్చింది, ఇంకొకటి ఇంజను రొద పెడుతూ బయలుదేరింది, కిటికీ తలుపులు గడగడా వణికాయి.

"ఎంత ప్రశాంతంగా ఉందే!" అన్నాడు మిల్లాయన.

"ఊరి చివర కదండీ మరి" అంది ఆమె, మురిసిపోతూ.

అమ్మేది ఒక ముసలాయన. ఆ మాటలు విన్నప్పుడు ఆయన ముఖం చూసి తీరాలి. ఆ దంపతుల మనసు మారకముందే తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టేద్దామన్న ఆత్రంతో, అడగ్గానే ధర తగ్గించాడు. "అంత తేలిగ్గా దిగొచ్చాడంటే ఏదో మెలిక ఉంది" అని ఫోనులో అన్నయ్య గొణిగాడు గానీ, మోకాలి నొప్పితో మంచం దిగలేకపోయాడు. కాగితాలు తెప్పించుకుని చూశాడు. కాగితాలు కడిగిన ముత్యంలా ఉన్నాయి. రిజిస్ట్రేషను అయిపోయింది.

మొదట అద్దెకి దిగింది ఒక మాస్టారు, భార్య, చంటిబిడ్డ. నెల తిరక్కుండానే మాస్టారు తాళాలు పట్టుకుని మిల్లు దగ్గరికి వచ్చాడు. కళ్ళ కింద నల్లటి చారలు.

"ఇల్లు బాగానే ఉందమ్మా. ఆ చప్పుడే..."

"ఏ చప్పుడు బాబూ?"

మాస్టారు ఆమెని ఎగాదిగా చూశాడు. తన వల్ల కాదన్నట్టు దండం పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే అన్నదమ్ములు వచ్చారు. పగలు నిద్రపోవాల్సినవాళ్ళు కదా, వారం కూడా నిలవలేదు. ఆ తర్వాత చెవికి మిషను పెట్టుకునే ఒక పెద్దాయన, మిషను తీసేస్తే సరి అని ధీమాగా దిగాడు. కానీ బస్సు తిరిగినప్పుడల్లా మంచం తనని ఊపుతోందని ఆయన, చెవులు పగిలిపోతున్నాయని ఆయన భార్య, ఇద్దరూ కలిసి సామాను సర్దుకున్నారు.

కండక్టరమ్మకి ఏమీ పాలుపోలేదు. ఈ కాలం మనుషులకి సుఖం ఎక్కువైంది అని మిల్లాయనతో వాపోయింది. చివరికి మోకాలు కాస్త కుదుటపడిన అన్నయ్య, సంగతేమిటో చూద్దామని ఆటోలో దిగాడు. ముందు గదిలో కుర్చీలో కూర్చుని టీ గ్లాసు అందుకున్నాడో లేదో, బయట బస్సు హారన్ మోగింది. ఆయన ఎగిరిపడ్డాడు. టీ చొక్కా మీద ఒలికింది.

"చెల్లెమ్మా! ఇది ఇల్లా, ఇంజనా?"

"ఏమైంది అన్నయ్యా?"

"ఆ మోతేమిటి తల్లీ!"

"ఏ మోత?"

అన్నయ్య బావగారి వైపు చూశాడు. మిల్లాయన భార్య చెవి దగ్గర వంగి, తన లెక్కలో గుసగుసగా, "మీ అన్నయ్యకి వయసు మీద పడింది, ఏవేవో వినబడుతున్నాయేమో పాపం" అన్నాడు. ఆ గుసగుస ఇనప కొట్టు దాకా వెళ్ళింది.

అన్నయ్యకి అప్పుడు అర్థమైంది. ముందు పగలబడి నవ్వాడు, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత చెల్లెలి ముఖం చూసి ఆ నవ్వు ఆపేశాడు. మెల్లిగా, విడమరిచి చెప్పాడు. అన్నీ చూశావమ్మా, చూడాల్సినవేవీ వదల్లేదు. కానీ ఈ చప్పుడు వినడానికి నీకు చెవులు మిగల్లేదు. ఆయుష్షంతా బస్సు నీ చెవుల్లోనే తిరిగింది. బావగారివి మిల్లు తినేసింది. తప్పు నాదే, నేను కుంటుకుంటూ అయినా వచ్చి ఉండాల్సింది.

అన్నయ్య తప్పు తనదనడం, ఆమె పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదటిసారి. పరిస్థితి ఎంత పాడైందో ఆమెకి ఆ మాటతోనే తెలిసిపోయింది.

ఇల్లు ఖాళీగా పడి ఉంది. పక్కన పెట్టుకున్న డబ్బు మీద చెయ్యి పడకుండా మిల్లాయన సంపాదనతోనే నెట్టుకొస్తున్నారు గానీ, ఆయన రాత్రిళ్ళు భుజానికి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుంటుంటే ఆమె అటు చూడలేకపోయేది. ఆ సమయంలో ఇనప కొట్టాయన మర్యాదగా కబురు పెట్టాడు. గోడౌనుగా వాడుకుంటానని, ఆమె పెట్టినదానికంటే బాగా తక్కువకైతే వెంటనే కొంటానని, నెలాఖరులోగా చెప్పమని. అన్నయ్య కూడా, "నష్టమే, కానీ ఇంకా ఆగితే ఇంకా నష్టం" అన్నాడు. ఆయన గొంతులో పాఠం చెప్పే ధోరణి లేదు.

ఆ మధ్యాహ్నం ఆమె ఒక్కతే వెళ్ళి ఆ ఇంటి గుమ్మంలో కూర్చుంది. రోజంతా నిలబడి, ఊగుతున్న బస్సులో ఒంటి చేత్తో రాడ్డు పట్టుకుని సంపాదించుకున్నది, ఇలా కూర్చుని చూస్తుండగా పోతోంది. తన చేతులారా చేసుకుంది. ఎవర్ని అంటుంది?

ఎదురుగా బస్సు వచ్చి ఆగింది. జనం దిగిపోయాక డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చాడు. వెనక మెట్టు నుంచి ఒక సన్నటి అమ్మాయి దిగింది. కండక్టరమ్మ దగ్గరే పని నేర్చుకున్న పిల్ల, ఆ సన్నదనం చూసి డిపోలో అందరూ పిచ్చుక అంటారు. ఆ పిల్ల గబగబా వచ్చి, ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించింది.

"అక్కా, ఈ ఇల్లు నువ్వే కొన్నావంట కదా. కాస్త బాత్రూము వాడుకోనా? పొద్దుట్నుంచి చుక్క మంచినీళ్ళు తాగలేదు, తాగితే మళ్ళీ ఎక్కడికి పోవాలని."

ఆ మాటకి కండక్టరమ్మకి తన రోజులు గుర్తొచ్చాయి. తనూ అంతే. ఈ ఆఖరి స్టాపులో గంటల తరబడి ఆగే ట్రిప్పులున్న రోజుల్లో తనూ నీళ్ళు తాగేది కాదు. ఎండాకాలంలో నాలుక పిడచగట్టినా సీసా మూత తీసేది కాదు. చివరికి కిడ్నీలో రాళ్ళు వచ్చి ఆసుపత్రిలో పడుకుంది. "నీళ్ళు బాగా తాగాలమ్మా" అని డాక్టరు చెబితే, ఎందుకు తాగలేదో ఆయనకి చెప్పడానికి సిగ్గుపడి ఊరుకుంది. ఆ సిగ్గు ఇన్నాళ్ళ తర్వాత కోపంగా మారి పైకి వచ్చింది.

"అడగాలా? పదవే" అని తలుపు బార్లా తెరిచింది.

పిచ్చుక ముఖం కడుక్కుంది, రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగింది. "ఇంకా టైముంది, ఐదు నిమిషాలు నడుం వాలుస్తానక్కా" అని చల్లటి గచ్చు మీద, సంచి తల కింద పెట్టుకుని ఒరిగింది. తల ఆనిందో లేదో నిద్రలోకి జారిపోయింది.

కండక్టరమ్మ గోడకి చేరగిలబడి చూస్తూ ఉంది. బయట ఒక బస్సు వచ్చింది, కిటికీలు వణికాయి. పిచ్చుక కదల్లేదు. ఇంకో బస్సు హారన్ మీద హారన్ కొట్టింది. పిచ్చుక నోరు తెరుచుకుని హాయిగా గురక పెట్టింది. బస్సులు వచ్చాయి, తిరిగాయి, వెళ్ళాయి. ఆ పిల్ల కనురెప్ప కూడా అదరలేదు. అంతలో మూలనున్న బస్సు స్టార్టయింది. అంతే, పిచ్చుక దిగ్గున లేచి కూర్చుంది.

"నా బండి" అంది, జుట్టు ముడేసుకుంటూ. "ఇంత హాయిగా పడుకుని ఎన్నాళ్ళయిందో అక్కా. రాత్రి ఆఖరి ట్రిప్పు వేస్తే ఆ సీట్ల మీదే, దోమల్లో, ఒక్క కన్ను తెరుచుకుని పడుకోవాలి. అందుకే ఆడవాళ్ళెవరూ ఆ డ్యూటీకి రావట్లేదు. ఎంత ప్రశాంతంగా ఉంది నీ ఇల్లు!"

ప్రశాంతంగా ఉందట! తను, మిల్లాయన తర్వాత ఆ మాట అన్న మూడో మనిషి. పిచ్చుక విజిల్ వేసి బస్సు ఎక్కేసింది. బస్సు మలుపు తిరిగిందో లేదో ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి మిల్లు దారి పట్టింది.

మిల్లులో మిషను నడుస్తోంది. ఆ మోతలో నిలబడి ఆమె తన ఆలోచనంతా భర్తకి రహస్యంగా చెప్పింది. ఆ రహస్యం ఆ నిమిషానే వీధి వీధంతటికీ తెలిసిపోయింది. ఆ చప్పుడు వినబడనివాళ్ళకే ఆ ఇల్లు అద్దెకివ్వాలి. వాళ్ళు డిపో నిండా ఉన్నారు. మిల్లాయన మిషను ఆపాడు, చేతులకి అంటిన పిండి దులుపుకున్నాడు, "మంచాలు ఎక్కడ చవగ్గా దొరుకుతాయో నాకు తెలుసు" అన్నాడు. భర్తంటే అలా ఉండాలని నేనంటాను.

అన్నయ్య మాత్రం ఊరికే ఒప్పుకుంటాడా? "గదికి ఇన్ని మంచాలు వేసి, మంచానికి ఇంతని అద్దె అంటే, ఒక్కొక్కడి వెంటా పడి వసూలు చేస్తావా?"

"ఒక్క కుటుంబం వెళ్ళిపోతే ఇల్లంతా ఖాళీ అన్నయ్యా. ఇక్కడ ఒకరు వెళ్ళిపోతే ఖాళీ అయ్యేది ఒక్క మంచం. ఇక వసూలంటావా, కిక్కిరిసిన బస్సులో టికెట్టు తీయకుండా ఒక్కడు దిగాడా నా సర్వీసులో?"

అన్నయ్య మీసం తడుముకుని ఆలోచించాడు. "సరే. అయితే ముందు మునిసిపాలిటీలో అడిగి అనుమతి తెచ్చుకో. ఇంతమంది వాడితే నీళ్ళు చాలవు, ఇంకో ట్యాంకు కావాలి. వెనక బాత్రూములు కట్టించు. పక్కన పెట్టమన్న డబ్బు ఉందా, తినేశావా?"

"కదపలేదు."

"మరింకేం, నా తెలివి వృథా పోలేదు" అన్నాడు అన్నయ్య. ఆయన గొంతులోకి పాఠం చెప్పే ధోరణి తిరిగొచ్చింది. ఆమెకి అది వినడం ఎంత బాగుందో చెప్పలేం.

పనులు ఊపందుకున్నాయి. పైన రెండు గదులూ ఆడవాళ్ళకి, మెట్ల మొదట్లో వాళ్ళకి వేరే తాళం. కింద ముందు గది మగవాళ్ళకి. పెరట్లో బాత్రూములు, బట్టలారేసుకోవడానికి తీగలు, గుమ్మంలో మంచినీళ్ళ కుండ. ఆ కుండ ఎప్పుడూ నిండుగా ఉండాలన్నది ఆమె పెట్టిన మొదటి నియమం. పైపులూ కుళాయిలూ బకెట్లూ అన్నీ పక్క ఇనప కొట్టులోనే, గీసి గీసి బేరమాడి కొంది. ఇల్లు తనకే అమ్మేముందు బాగు చేయిస్తోంది కాబోలు అనుకుని కొట్టాయన ధర బాగానే తగ్గించాడు.

ఒక రోజు డ్యూటీలు మారే వేళ ఆమె డిపోకి వెళ్ళింది. అక్కడున్న బెంచీ ఎక్కి నిలబడింది. గొంతు సవరించుకుంది. ఊరి మొత్తానికి స్టాపులు వినిపించిన గొంతు అది, రిటైరయినా తుప్పు పట్టలేదు.

"ఆఖరి స్టాపు! ఆఖరి స్టాపు! మంచం, ఫ్యాను, స్నానానికి నీళ్ళు! పడుకునేవాళ్ళు ముందుకు రండి! తోసుకోకండి, అందరికీ చోటుంది! చిల్లర దగ్గర పెట్టుకోండి!"

డిపో గొల్లుమంది. డ్రైవర్లు విజిళ్ళు వేశారు. కానీ నవ్వుతూనే ముందుకు వచ్చారు. పిచ్చుక అందరికంటే ముందు వచ్చి నిలబడింది, వెనక మరికొంతమంది ఆడపిల్లలు. పై గదుల్లో మంచాలన్నీ ఆ సాయంత్రానికే అయిపోయాయి. కింద మంచాల్లో కిటికీ పక్కది నాకంటే నాకని ఇద్దరు డ్రైవర్లు తగవు పడ్డారు.

నెలాఖరుకి ఇనప కొట్టాయన డబ్బు సంచితో సహా వచ్చాడు. పెరడంతా ఖాకీ చొక్కాలు ఆరుతున్నాయి. లోపలినుంచి రకరకాల గురకలు. బయట బస్సుల రొద. ఆయన ఆ చొక్కాల వరసకేసి చూశాడు, సంచికేసి చూసుకున్నాడు.

"అమ్మేది లేదండీ" అంది కండక్టరమ్మ. "ఇంకో రెండు బకెట్లు కావాలి. పాత ధరకే ఇవ్వాలి మరి."

ఆయన మంచివాడే. నవ్వేసి బకెట్లు పంపించాడు.

అసలు పండగ ఆ తర్వాత వచ్చింది. డిపో పెద్ద అధికారి స్వయంగా జీపు దిగి ఆ గుమ్మంలోకి అడుగుపెట్టాడు. మనుషులు రాక ఎప్పుడూ రద్దయ్యే రాత్రి ట్రిప్పులు ఇప్పుడు ఒక్కటీ ఆగడం లేదట. ఆడవాళ్ళు తామే ఆ డ్యూటీ అడిగి వేయించుకుంటున్నారట. అందుకని ఇల్లు మొత్తం డిపో పేరు మీదే తీసుకుని, అద్దె ఆఫీసు నుంచే కట్టిస్తామని, సిబ్బంది ఇక జేబులోంచి ఇవ్వనక్కర్లేదని ఆయన ప్రతిపాదించాడు. ఒకప్పుడు సెలవు కాగితం పట్టుకుని ఆ అధికారి గది బయట నిలబడ్డ మనిషి, ఇప్పుడు ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నింపాదిగా బేరమాడింది. ఏటేటా అద్దె పెరగాలి. రంగులూ రిపేర్లూ ఎవరివో రాసుకోవాలి. ఖాళీ చేయాలంటే ముందుగా చెప్పాలి. వెనక గది మాత్రం ఇవ్వను, అది మాకు కావాలి. అన్నయ్య పక్కన కూర్చుని ఒక్కో షరతుకీ తల ఊపుతూ మీసం మెలేశాడు. ఆ రోజు ఆ మీసానికి అడ్డు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మిల్లాయన బస్తాలు దించేశాడు. వెనక గదిలో కాపురం పెట్టారు. ఆయన పొద్దున్నే లేచి సిబ్బందికి టీ కాస్తాడు, మిగతా వేళ పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆరో అంతస్తు బాల్కనీ కాదు గానీ, కుర్చీ మాత్రం సొంత నేల మీదే ఉంది.

ఇదంతా కుదురుకున్న చాలా రోజులకి, ఒక మధ్యాహ్నం ఆమె బజారు పని చూసుకుని బస్సెక్కింది. వేరే ఊరి డిపో నుంచి బదిలీ మీద వచ్చిన కండక్టరు, నడివయసు మనిషి, ఆమెని ఎరగడు. ముందు సీట్లో కూర్చున్నావిడ డబ్బులిస్తూ, "కండక్టరమ్మ ఇంటికి ఒకటి" అంది. ఆయన మారుమాట లేకుండా టికెట్టు కొట్టి ఇచ్చాడు.

ఆమెకి తన చెవుల మీద నమ్మకం పోయి చాలాకాలమైంది కదా. అందుకని ముందుకి వంగి అడిగింది. "ఏమండీ, ఆవిడ ఎక్కడికని అడిగింది?"

"కండక్టరమ్మ ఇల్లండీ. ఆఖరి స్టాపు. అందరూ అలాగే అంటారు. మీరు ఈ ఊరికి కొత్తా?"

సంచిలో చేతులు పెట్టి చిల్లర వెతికింది.

"కొత్తేనండీ" అంది. "నాకూ అక్కడికే ఒకటివ్వండి."

సబ్బుల ఫ్యాక్టరీ గేటు వచ్చింది, వెళ్ళింది. డాక్టరు గారి మేడ వెళ్ళింది. షావుకారు తోట వెళ్ళింది. ఆమె కిటికీలోంచి చూడలేదు, టికెట్టు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. బస్సు గుండ్రంగా తిరిగి ఆగుతుండగా కండక్టరు గొంతెత్తాడు.

"కండక్టరమ్మ ఇల్లు! కండక్టరమ్మ ఇల్లు! దిగేవాళ్ళు ముందుకు రండి!"

అది మాత్రం ఆమెకి స్పష్టంగా వినబడింది. అందరూ దిగేదాకా ఆగింది, ఎప్పుడూ ఆఖరున దిగడమే ఆమెకి అలవాటు. కింద కాలు పెట్టి, వెనక్కి తిరిగి, బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచింది.

"రైట్! రైట్!"